డాలస్‌లో మిట్టమధ్యాహ్నం, గుంటూరులో అర్ధరాత్రి

(2024 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అమెరికాలో చూసిన ఒకావిడ గుంటూరులో ఒక స్కూల్ హాల్లో పిల్లలకి, టీచర్లకి, తల్లిదండ్రులకి ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగితే ఫోన్ రికార్డింగ్ విని టైపు చేశాం. మాటలు ఆవిడవే, తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి... వినిపించనివాళ్ళు ఎలా ఎత్తుతారులే. సరే.

హెడ్మాస్టర్ గారు నన్ను సైంటిస్టు అని పరిచయం చేశారు. సార్, నేను సైంటిస్టుని కాదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. అంటే వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకునే పని, మా ఇంట్లో అడిగితే నాకది పుట్టుకతోనే వచ్చిందంటారు. టెలిస్కోపు పట్టుకోవటం కూడా సరిగ్గా రాదు. నేను చెప్పేదల్లా ఒక్క రోజు సంగతి. 2024 ఏప్రిల్ 8, సోమవారం, అమెరికాలో టెక్సాస్, డాలస్ పక్కన ప్లేనో అనే ఊరు, మా ఆఫీసు పార్కింగ్ లాట్. అంతే. అంతకుమించి నాకు తెలీదు.

ముందు ఒక ప్రశ్న. మీలో గ్రహణం చూసినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. ఆ, ఏడెనిమిది మంది. ఇప్పుడు ఇంకో ప్రశ్న. గ్రహణం రోజు ఇంట్లో పెట్టి తలుపేశారు అనేవాళ్ళు ఎంతమంది? చూడండి మరి, టీచర్లు కూడా ఎత్తుతున్నారు! నేను కూడా ఎత్తుతున్నా. నేను పెరిగింది ఇక్కడే, గుంటూర్లోనే. గ్రహణం అంటే నాకు గుర్తొచ్చేది ఆకాశం కాదు, వంటిల్లు. ఆవకాయ జాడీ మీద దర్భ, పాల గిన్నె మీద దర్భ, నీళ్ళ బిందె మీద దర్భ, పట్టు స్నానం, విడుపు స్నానం, మధ్యలో ఆకలి. పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టేది మా నాయనమ్మ, అది నిలబడితే గ్రహణం పట్టినట్టు. అది మామూలు రోజున కూడా నిలబడుతుందని నేను ఒకసారి నిలబెట్టి చూపిస్తే వీపు మీద ఒకటి పడింది. టెస్టింగ్ అప్పుడే మొదలైందన్నమాట.

ఇక అసలు సంగతి. సోమవారం అన్నాను కదా, అది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే పని రోజు. అంతకుముందు అమెరికాలో పెద్ద గ్రహణం 2017 ఆగస్టు 21న వచ్చింది, అదీ సోమవారమే, సూర్యుడికి మా మీద ఏం కోపమో. అప్పుడు డాలస్‌లో సంపూర్ణం కాదు, నాలుగింట మూడొంతులు మూసుకుంది. నేను చూడలేదు. ఎందుకు చూడలేదు? కాల్‌లో ఉన్నా. కిటికీకి బ్లైండ్స్ వేసి ఉన్నాయి, తీసి చూద్దామని కూడా అనిపించలేదు. వీసా మీద ఉన్నవాళ్ళకి ఒక భయం ఉంటుందండి, అది మీకెలా చెప్పాలో తెలీదు, జ్వరం వచ్చి సెలవడిగినా తప్పు చేసినట్టు ఉంటుంది, అలాంటిది ఆకాశం చూడటానికి పావుగంట కావాలి అని ఎవరినడుగుతాం? ఎవరూ వద్దనలేదు. నేనే అడగలేదు.

మరి 2024లో ఎందుకడిగాను? మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నారు. డేటాబేస్ చూసుకుంటారు, తెల్ల గడ్డం, రేపో మాపో రిటైరయ్యే వయసు. 2017లో ఈయన సెలవు పెట్టి కారేసుకుని మిస్సోరీ దాకా వెళ్ళి సంపూర్ణ గ్రహణం చూసొచ్చారు. జనవరి నుంచే కాఫీ మెషిన్ దగ్గర నిలబడి ఎవరొస్తే వాళ్ళకి చెప్పటం మొదలుపెట్టారు. ఈసారి మనం ఎక్కడికీ పోనక్కర్లేదు, అదే మన దగ్గరికొస్తోంది, మెక్సికోలో నేల మీదకొచ్చి టెక్సాస్ మీదుగా అలా పైకి పైకి కెనడా దాకా పోతుంది, మన పార్కింగ్ లాట్ మీద నుంచే పోతుంది అని. చాలామంది తలూపి కాఫీ పట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నేను కూడా తలూపి వెళ్ళిపోయేదాన్నే. ఒకరోజు ఆయన, నువ్వు ఇండియాలో ఎక్కడి నుంచి అన్నారు. హైదరాబాద్ దగ్గర అన్నాను. మనం అందరం అలాగే చెప్తాం కదా, గుంటూరంటే వాళ్ళకేం తెలుస్తుందిలే అని. దగ్గరంటే ఎక్కడ అన్నారు. గుంటూరండీ అన్నాను.

ఆయన కప్పు కింద పెట్టేశారు. గుంటూరా? జాన్సెన్ గుంటూరా? అన్నారు.

నాకు జాన్సెన్ ఎవరో తెలీదు! చెప్పటానికి సిగ్గుగా ఉంది కానీ చెప్పాలి. ఇరవై రెండేళ్ళు ఈ ఊళ్ళో పెరిగాను, ఇక్కడే చదివాను, మిర్చి యార్డు తెలుసు, శంకర్ విలాస్ తెలుసు, జాన్సెన్ తెలీదు. మా ఊరి సంగతి నాకు పద్నాలుగువేల కిలోమీటర్ల అవతల, కాఫీ మెషిన్ దగ్గర, పుట్టాక ఇండియా మొహం చూడని మనిషి చెప్పాడు. మీలో ఎంతమందికి తెలుసు? టీచర్లు కాకుండా. ఆ... ఇద్దరు. పర్లేదు, నాకంటే నయం.

గుంటూరుకి వచ్చిన ఫ్రెంచాయన

సరే పిల్లలూ, ఇది వినండి, ఇది మీ ఊరి కథ. 1868 ఆగస్టు 18, మంగళవారం. అదీ పని రోజే. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం మన మీదుగా పోయింది. దానికోసం ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ అనే ఆయన ఓడెక్కి గుంటూరొచ్చాడు. ఆయన ఒక్కడే కాదు, టెన్నెంట్ అని ఇంగ్లీషు మేజర్ ఒకాయన కూడా గుంటూర్లోనే మకాం పెట్టాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ గారు మచిలీపట్నం వెళ్ళారు. అదే అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి గారు వనపర్తిలో చూశారు. అంటే ఆ రోజు సూర్యుణ్ణి చూడటానికి ప్రపంచంలో ఉన్న మంచి చోట్లలో మన చుట్టుపక్కల ఊళ్ళూ ఉన్నాయన్నమాట. మనవాళ్ళేమో తలుపులేసుకుని ఉంటారు. పాపం, వాళ్ళనేం అనను, నేను 2017లో చేసింది కూడా అదేగా, తలుపు బదులు బ్లైండ్స్.

జాన్సెన్ ఏం చూశాడు? సంపూర్ణ గ్రహణంలో సూర్యుడి అంచున ఎర్రగా, గులాబీ రంగులో చిన్న చిన్న నాలుకల్లాంటివి కనపడతాయి. అవి అసలేంటి, దేనితో అయ్యాయి అని అప్పట్లో పెద్ద ప్రశ్న. ఈయన ఆ వెలుతుర్ని స్పెక్ట్రోస్కోపులో చూశాడు. అంటే వెలుతుర్ని రంగులుగా విడదీసే పరికరం. చూస్తే నిండు ఇంద్రధనుస్సు కాదు, విడివిడిగా మెరిసే గీతలు కనపడ్డాయి. అంటే అవి వేడికి మెరుస్తున్న వాయువు, సూర్యుడిదే, చాలావరకు హైడ్రోజన్. ఆ గీతలు ఎంత బాగా మెరిశాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని పట్టుకోవచ్చు కదా అని ఆయనకి తట్టింది. తెల్లారి లేచి ఇక్కడే, గుంటూర్లోనే, మామూలు ఎండలో చూశాడు. కనపడ్డాయి! అప్పటిదాకా ఏ కొన్నేళ్ళకో ఒకసారి నిమిషాల లెక్కన దొరికే దృశ్యం, ఆ రోజు నుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు.

అందులో ఒక పసుప్పచ్చ గీత ఉంది. సోడియం గీతకి దగ్గర్లో ఉంటుంది కానీ సోడియం కాదు. అదే తర్వాత హీలియం అని తేలింది. ఇక్కడ ఒక్క మాట. గుంటూర్లో హీలియం కనిపెట్టారు అని వాట్సాప్‌లో తిప్పుతుంటారు, అంత సింపుల్ కాదండి, నేను తప్పులు పట్టే మనిషిని కదా. ఆ గీత ఆ రోజు చాలామంది చూశారు. ఇది కొత్త పదార్థం అని గట్టిగా అన్నది ఇంగ్లండ్‌లో ఉన్న లాకియర్, పేరు పెట్టిందీ ఆయనే. భూమ్మీద అది దొరికింది ఇంకా చాలా ఏళ్ళకి, 1895లో, రామ్సే అనే ఆయనకి. కాబట్టి ఒక్కడి ఘనత కాదు, ఒకరు చూసి ఇంకొకరికి చెప్పి, ఆ ఇంకొకరు మళ్ళీ చూసి, అలా తేలింది. కానీ గుంటూరు లేకుండా ఆ కథ లేదు. మీ పుట్టినరోజు బెలూన్లో ఉండే గ్యాస్ కథలో మీ ఊరుంది, అది చాలు.

ఆ రోజు కాఫీ చల్లారిపోయింది. నేను సీటుకెళ్ళి ఇదంతా వెతికి చదువుకున్నాను, మధ్యాహ్నం దాకా పని చెయ్యలేదు, ఇది ఎవరికీ చెప్పకండి. అప్పుడు అనుకున్నాను, ఆయన ఓడెక్కి మా ఊరొచ్చాడు, నేను లిఫ్టెక్కి కిందకి దిగలేనా?

అడగటం

ఏప్రిల్ 8 మధ్యాహ్నం 1:30కి మాకు స్టేటస్ కాల్ ఉంది. గ్రహణం 12:23కి మొదలు, సంపూర్ణం 1:41 ప్రాంతంలో, మొత్తం వదిలేది 3 గంటలకి. సరిగ్గా నెత్తిమీద కాల్. ప్రాజెక్ట్ మేనేజర్ అట్లాంటాలో ఉంటాడు, అక్కడ సంపూర్ణం కాదు. కాల్ మార్చమని మెసేజ్ టైపు చేశాను, తుడిచేశాను, టైపు చేశాను, తుడిచేశాను. నాలుగోసారి కళ్ళు మూసుకుని పంపేశాను. ఆయన ఏమన్నాడో తెలుసా? ఇప్పటికే ముగ్గురు అడిగారు, 2:30కి మార్చేశాను అన్నాడు. అంతే! ఏడేళ్ళ క్రితం కూడా ఇంతే అయ్యుండేదేమో. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళుమండుతుంది.

కళ్ళజోళ్ళు పదిటి ప్యాకెట్ తెప్పించాను. అట్ట కళ్ళజోళ్ళు, ఇదిగో ఇలాంటివి, వీటి మీద ఐఎస్ఓ 12312-2 అని నంబరుంటుంది, అది లేనివి కొనొద్దు. ఎక్స్‌రే ఫిల్ములు, మామూలు కూలింగ్ గ్లాసులు, పళ్ళెంలో పసుపు నీళ్ళు, ఇవేవీ పనికిరావు. ఎందుకంటే కంట్లో రెటీనాకి నొప్పి తెలీదు, కాలుతున్నా మంట పుట్టదు, తెలిసేసరికి అయిపోతుంది. దీని దగ్గర మాత్రం మీ నాయనమ్మలు చెప్పింది కరెక్టే, వట్టి కళ్ళతో చూడకూడదు. కాకపోతే చూడకూడదు అనటం వేరు, ఇలా చూడొచ్చు అని చెప్పటం వేరు.

ఇంకోటి కూడా పట్టుకెళ్ళాను. మీరు నవ్వొద్దు. బూందీ గరిటె. చిల్లుల గరిటె ఎండలో పట్టుకుంటే కింద పడే వెలుతురు చుక్కలు మామూలు రోజున గుండ్రంగా ఉంటాయి, అవి చిల్లు ఆకారాలు కాదు, ఒక్కోటీ ఒక్కో సూర్యుడి బొమ్మ. గ్రహణం రోజున అవి అన్నీ నెలవంకలైపోతాయి. మా ఆఫీసు రిసెప్షన్ అమ్మాయి ఆ గరిటె నా దగ్గర లాక్కుని అరగంట ఇవ్వలేదు, సిమెంటు మీద ఎనభై తొంభై బుల్లి నెలవంకలు, ఫోటోలే ఫోటోలు. మనం బూందీ దూసే గరిటె అంటే ఆవిడకి అర్థం కాలేదు, ఇండియన్ టెలిస్కోప్ అని పేరు పెట్టేసింది. గరిటె లేకపోయినా పర్లేదు, చెట్టు కింద నిలబడండి. ఆకుల సందుల్లోంచి పడే వెలుతురు కూడా అంతే. అక్కడ ఓక్ చెట్టు, ఇక్కడ వేపచెట్టు, ఏదైనా ఒకటే.

పొద్దున్నుంచి మబ్బు. డాలస్ మొత్తం మబ్బే. పెద్దాయన మొహం చూడలేకపోయాం, అబ్బాయి పెళ్ళిరోజు వానొచ్చినట్టుంది. పదకొండు దాటాక పలచబడుతూ వచ్చింది, అక్కడక్కడా నీలం. ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి.

అమ్మ

అక్కడ పొద్దున్న ఎనిమిదింటికి అమ్మ ఫోన్. ఇక్కడ సాయంత్రం ఆరున్నర. ఏమేవ్, ఇవాళ మీకు గ్రహణమంట, మనకి లేదు, పంచాంగంలో మనకి కనపడదు కాబట్టి పట్టింపు లేదన్నారు, మీకుంది, ఆఫీసుకెళ్ళకు అంది. వెళ్ళాలి అన్నాను. అయితే బయటికి రాకు అంది. వస్తాను అన్నాను. అవతల ఏం మాట లేదు. మీకందరికీ తెలుసుగా, అమ్మ మాట్లాడకపోవటం అరవటం కంటే కష్టం. మళ్ళీ తనే, రేపు ఉగాది, వేపపువ్వు ఏరుకోవాలి, ఉంటాను అని పెట్టేసింది. అవును, తర్వాత రోజు ఏప్రిల్ 9 క్రోధి నామ సంవత్సర ఉగాది. అదేం విచిత్రం కాదు, అమావాస్య నాడు తప్ప సూర్యగ్రహణం రాదు, ఫాల్గుణ అమావాస్య మర్నాడు ఉగాది, లెక్క సరిపోయింది.

మా టీమ్‌లో ఒకమ్మాయి ఉంది, మన తెలుగమ్మాయే, అప్పటికి ఆరో నెల. అత్తగారు వచ్చి ఉన్నారు. ఆ రోజు ఇంటి నుంచే పని చేసింది, కర్టెన్లు వేసుకుని. మిగతావాళ్ళు నవ్వారు, నేను నవ్వలేదు, నవ్వే హక్కు నాకు లేదు. కానీ ఆ తర్వాత ఒకరోజు లంచ్‌లో చెప్పాను, గ్రహణం మొర్రి అని పేరైతే పెట్టారు కానీ దానికి గ్రహణానికి సంబంధం లేదు, కడుపులో పడ్డ మొదటి రెండు మూడు నెలల్లోనే పెదవి, అంగిలి ఏర్పడతాయి, అవి సరిగ్గా కలవకపోతే వచ్చేది అది, ఆరో నెలకి ఆ పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది అని. తనకి తెలుసు. తెలుసక్కా, కానీ రేపు పాపకి చిన్న పుట్టుమచ్చ వచ్చినా ఆ రోజు బయటికెళ్ళావు అని నన్నే అంటారు అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఒక కళ్ళజోడు, నలుగురు

పన్నెండున్నరకి కిందకి దిగాం. తొమ్మిది కళ్ళజోళ్ళు పంచేశాను, నాకొకటి మిగిలింది. చూద్దును కదా, సెక్యూరిటీ గార్డు దగ్గర లేదు. పార్సిల్ ఇవ్వటానికొచ్చి వ్యాన్ ఆపుకున్న కుర్రాడి దగ్గర లేదు. మా ఫ్లోర్ శుభ్రం చేసే ఆవిడ దగ్గర లేదు. ఆవిడది మెక్సికోలో దురాంగో. ఆవిడకి ఇంగ్లీషు కొంచెం, నాకు స్పానిష్ అసలు రాదు, ఐదేళ్ళుగా రోజూ హలో అనుకుంటాం, అంతే. సరే, నలుగురం ఒక్క కళ్ళజోడు. తలా పది సెకన్లు, ఒకరు చూస్తుంటే మిగతా ముగ్గురం నేలకేసి చూసి లెక్కపెట్టడం. కార్తీక వనభోజనాల్లో ఒకే గ్లాసుతో నీళ్ళు తాగినట్టు. గార్డు పన్నెండు సెకన్లు చూస్తే కుర్రాడు ఒప్పుకోవట్లేదు!

ఒంటిగంట ఇరవై అప్పుడు ఆవిడ ఫోన్ మోగింది. దురాంగో నుంచి వాళ్ళ చెల్లెలు. వాళ్ళకి మాకంటే అరగంట ముందే సంపూర్ణం అయిపోయింది, నీడ అక్కడి నుంచే కదా మా వైపు వస్తోంది. ఆ చెల్లెలు ఫోన్లో నవ్వుతోందో ఏడుస్తోందో తెలీట్లేదు. ఈవిడ నా చెయ్యి పట్టుకుని తన భాషలో ఏదో అంటోంది, వస్తోంది, వస్తోంది అని, అది మాత్రం అర్థమైంది. ఎంత స్పీడు అనుకుంటున్నారు? గంటకి రెండువేల కిలోమీటర్ల పైన. మనం ఎక్కే విమానాలేవీ దాన్ని అందుకోలేవు. ఆ నీడకంటే ముందు ఫోన్ కాల్ వచ్చింది మాకు.

పిల్లలూ, ఇప్పుడు ఒక చిన్న లెక్క. అడ్డంగా కొలిస్తే సూర్యుడు చంద్రుడికంటే దాదాపు 400 రెట్లు పెద్ద. చిన్న చంద్రుడు పెద్ద సూర్యుణ్ణి ఎలా మూస్తాడు? దూరం కూడా దాదాపు 400 రెట్లు కాబట్టి. రూపాయి బిళ్ళని కంటికి దగ్గర పెట్టుకుంటే ఈ హాలు గడియారం మొత్తం మూసుకుపోదూ, అంతే.

99 శాతం మూసుకుంటే చీకటి పడుతుందనుకుంటాం. పడదు. వెలుతురు అదోలా అయిపోతుంది, పల్చగా, నీడలు మరీ పదునుగా, కానీ పగలే. ఆ మిగిలిన ఒక్క శాతం సూర్యుడు కూడా చుట్టూ ఉండే కరోనా అనే పలచటి వెలుగు కంటే వేల రెట్లు ఎక్కువ వెలుగు, దాన్ని కనపడనివ్వడు. 99 మార్కులొస్తే ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయింది అని అడుగుతారు కదా ఇంట్లో, జీవితంలో మొదటిసారి నాకు ఆ ప్రశ్న కరెక్టే అనిపించింది. ఆ ఒక్క మార్కులోనే ఉంది మొత్తం.

1:41. లైటు స్విచ్ నొక్కినట్టు కాదు, ఎవరో గొంగళి కప్పుతున్నట్టు పడమర నుంచి వచ్చేసింది. పార్కింగ్ లాట్ దీపాలు వాటంతటవే వెలిగాయి. అక్కడ గ్రాకిల్స్ అని నల్ల పిట్టలుంటాయి, మన కాకుల్లాగా ఎప్పుడూ పార్కింగ్ లాట్లలోనే తిరుగుతాయి, అవి గోల చేసుకుంటూ చెట్లెక్కేశాయి. ఒక పక్క శుక్రుడు, ఇంకో పక్క గురుడు, మిట్టమధ్యాహ్నం! చుట్టూరా ఎటు చూసినా సాయంత్రం రంగు, నాలుగు దిక్కులా సూర్యాస్తమయం. ఒళ్ళు చల్లబడింది. కళ్ళజోళ్ళు తీసెయ్యండి అని పెద్దాయన అరుస్తున్నారు, ఆ మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే, పూర్తిగా మూసుకున్నప్పుడు మాత్రమే వట్టి కళ్ళతో చూడొచ్చు. తీసి చూశాను.

ఏం చూశాను? ఇన్నిసార్లు చెప్పాను, ఇప్పటిదాకా సరిగ్గా చెప్పలేకపోయాను. నల్లటి గుండ్రం, చుట్టూ తెల్లటి వెలుగు జుట్టు విరబోసుకున్నట్టు. మసక తెలుపు కాదు, పట్టుచీర వెండి జరీ తెలుపు. కింది అంచున గులాబీ రంగు చుక్క. ఒక్క చుక్క, కానీ గుచ్చినట్టు కనపడుతోంది. పెద్దాయన నా భుజం తట్టి, అదిగో, మీ ఊళ్ళో ఆయన చూసింది అదే అన్నారు.

చుట్టుపక్కల ఆఫీసుల పార్కింగ్ లాట్లన్నిట్లోంచీ అరుపులు. ఎప్పుడూ ఎవరూ గట్టిగా మాట్లాడని చోటండీ అది. నేను కూడా అరిచానంట, నాకు తెలీదు, తర్వాత వీడియోలో విన్నాను, ఓరి నాయనో అని ఉంది.

అప్పుడు ఫోన్ తీసి అమ్మకి వీడియో కాల్ చేశాను. ఎందుకు చేశానో తెలీదు. పెద్దాయన ముందే చెప్పారు, ఫోన్లు తియ్యకండి, కళ్ళతో చూడండి అని. ఇక్కడ అర్ధరాత్రి దాటి పది నిమిషాలు, ఉగాది వచ్చేసింది. ఒక్క రింగుకే ఎత్తింది. దేవుడి గదిలో దీపం పెట్టుకుని కూర్చుని ఉంది, నా కోసం. ఏంటే ఆ అరుపులు, ఏమైంది అంది, కంగారుగా. ఏం కాలేదమ్మా, చూడు అని ఫోన్ పైకి తిప్పాను.

ఫోన్లో ఏం కనపడుతుంది చెప్పండి? తెల్లటి మచ్చ. వీధిదీపంలాగ. ఇదేనా? అంది.

నాకు నవ్వాగలేదు. ఇదే అమ్మా అన్నాను. కాసేపు చూసింది. తర్వాత అంది, చుట్టూ తిప్పు, ఒకసారి ఆకాశం కాదు, మనుషుల్ని చూపించు అని. తిప్పాను. పెద్దాయన కళ్ళు తుడుచుకుంటున్నారు, మెక్సికో ఆవిడ దండం పెట్టుకుంటోంది, వ్యాన్ కుర్రాడు నేలమీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అమ్మ మెల్లిగా, మేం ఆ రోజు అష్టాచెమ్మా ఆడుకున్నాం అంది.

ఏ రోజు? నాకప్పుడు అర్థం కాలేదు. ఈలోపు అంచున ఒక్క చోట వెలుగు పొంగింది, ఉంగరం మీద రాయిలాగ, అంతే, అయిపోయింది, కళ్ళజోళ్ళు పెట్టుకోండి అని మళ్ళీ అరుపు. పిట్టలు దిగాయి. దీపాలు ఆరిపోయాయి. 2:30కి స్టేటస్ కాల్‌లో కూర్చున్నాం, ఎవరు ఏం మాట్లాడారో గుర్తులేదు.

అమ్మ అన్నది ఏ రోజో, ఆ రాత్రి ఫోన్ చేసి అడిగాను. 1980 ఫిబ్రవరి 16, శనివారం. మా అమ్మమ్మగారిది నల్గొండ జిల్లా. ఆ రోజు సంపూర్ణ గ్రహణం కర్ణాటక నుంచి మహబూబ్‌నగర్, నల్గొండ, ఖమ్మం మీదుగా ఒరిస్సా వైపు పోయింది. హైదరాబాద్ అవతల జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ళ అబ్జర్వేటరీ దగ్గర సైంటిస్టులంతా చేరి చూశారు. రోడ్ల మీద పురుగు లేదంట. మా అమ్మకి పదహారేళ్ళు. కిటికీలకి దుప్పట్లు కట్టి, తలుపు గొళ్ళెం పెట్టి, ఆడపిల్లలందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టారు. మధ్యాహ్నం మూడు దాటాక సరిగ్గా వాళ్ళ ఇంటి కప్పు మీద, రెండు నిమిషాల పాటు, నేను చూసిందే ఉంది. వీళ్ళు లోపల గవ్వలేసుకుంటున్నారు. దుప్పటి సందులోంచి వెలుతురు పోవటం, కోళ్ళు గూటికి చేరటం వినపడిందంట. చెల్లెలు దుప్పటి ఎత్తబోతే మా అమ్మే దాని చెయ్యి పట్టుకుని లాగిందంట. అది మాత్రం చెప్తూ చెప్తూ ఆగిపోయింది.

మళ్ళీ ఎప్పుడొస్తుంది అని అడిగింది. అలాస్కాని పక్కన పెడితే అమెరికాలో అలాంటిది 2044 ఆగస్టులో, అదీ పైన మోంటానా, నార్త్ డకోటా వైపు, మళ్ళీ 2045లో కాలిఫోర్నియా నుంచి ఫ్లోరిడా దాకా అన్నాను. అప్పటికి నేనుండొద్దూ, దగ్గర్లో ఏం లేదా అంది.

ఉంది. అందుకే ఇవాళ మీ దగ్గరికి వచ్చాను. రాసుకోండి, 2027 ఆగస్టు 2, మళ్ళీ సోమవారమే. స్పెయిన్, మొరాకో, ఈజిప్టు, సౌదీ మీదుగా పోతుంది, ఈజిప్టులో లగ్జర్ దగ్గర ఆరు నిమిషాల పైన. జెడ్డాలో, మక్కాలో కూడా సంపూర్ణమే. మనకి ఇక్కడ సాయంత్రం పాక్షికంగా, కొంచెం కొరికినట్టు. మీ ఇళ్ళల్లో, మీ వీధిలో జెడ్డాలో పనిచేసేవాళ్ళు ఎవరూ లేరా? డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్లు, నర్సులు, ఇళ్ళల్లో పనికెళ్ళినవాళ్ళు? ఉన్నారు కదా, ఆ చివర చెయ్యి లేచింది. బాబాయా? ఆయనకి అది మధ్యాహ్నం ఒకటిన్నర లోపు, ఎండలో డ్యూటీలో ఉంటాడు, ఎవరూ ఆయనకి మెసేజ్ పెట్టి కాల్ మార్చరు. ముందే చెప్పండి ఆయనకి. ఐఎస్ఓ నంబరున్న కళ్ళజోడు ఎవరైనా వెళ్తుంటే వాళ్ళ చేత రెండు పంపండి, ఒకటి ఆయనకి, ఒకటి పక్కనున్నవాళ్ళకి. ఇక్కడ అప్పుడు నాలుగు కాబోతుంటుంది, మీరు మేలుకునే ఉంటారు, వీడియో కాల్ చెయ్యమనండి. తెల్లమచ్చే కనపడుతుంది, పర్లేదు, మనుషుల్ని చూపించమనండి.

మా అమ్మ వచ్చింది, మూడో వరుసలో, ఆకుపచ్చ చీర. లేవమంటే లేవదు, వదిలెయ్యండి.

ఇదిగో, ఇది ఆ రోజుటి కళ్ళజోడు, నలుగురం చూసింది. గీతలు పడలేదు, పొద్దున్న కూడా చెక్ చేశాను. బయట ఎండ బాగుంది, గ్రహణం లేకపోతేనేం, సూర్యుడైతే ఉన్నాడుగా, ఎంత చిన్నగా కనపడతాడో చూడండి. వరండాలోకి రండి, లైనుగా. పెట్టుకున్నాకే తల పైకెత్తాలి, తల దించాకే తియ్యాలి. తలా పది సెకన్లు, పక్కవాళ్ళు లెక్కపెట్టాలి. ఒక్కటే ఉంది, తోసుకోవద్దు, మళ్ళీ నాకు తిరిగి రావాలి అది. అమ్మా, నువ్వు కూడా రా.